రాణిగారి నోట ‘ఆయ్’

ఈ మధ్య రాజమహేంద్రవరం నుంచి వచ్చినవాళ్ళు ఒక కొత్త సంగతి చెబుతున్నారు. అక్కడ వచనంలో పెద్ద పెద్ద కథలు రాసి అచ్చు వేస్తున్నారట. రాజులు, రాణులు, వియోగాలు, ఏడుపులు అన్నీ ఉంటాయట. జనం ఇంట్లో మంచం మీద పడుకుని చదువుకుంటారట. చదివాక బాగుందనో, బాగాలేదనో పత్రికలకి రాస్తారట. వినగానే నాకు ఒళ్ళు మండింది. ధవళేశ్వరం దగ్గర గోదారికి ఆనకట్ట కడుతున్న రోజుల్లోనే నేను అలాంటి కథ ఒకటి తాటాకుల మీద రాశాను. నా కథని ఎవరూ మంచం మీద పడుకుని వినలేదు. విన్నవాళ్ళందరూ కట్టుబట్టలతో గోదారిలో మునిగి ఇళ్ళకి పోయేవాళ్ళు. ఎందుకో చెబుతాను.

కథ సంగతి చెప్పాలంటే ముందు మా ఆవిడ సంగతి చెప్పాలి. ఆవిడ మా మేనమామ కూతురు. మా ఊరు అమలాపురానికి కోసెడు దూరం. మావయ్యగారి అగ్రహారం గోదారి వైనతేయ పాయకి అవతల, రాజోలు వైపు. ఆయన వేదమూ వ్యాకరణమూ క్షుణ్ణంగా చదువుకున్న మనిషి. ఆయన ముందు నోరు తెరవాలంటే ఎంతటివాళ్ళైనా మాటని ముందు మనసులో ఉతికి ఆరేసుకుని అప్పుడు బయటికి తీసేవాళ్ళు. అలాంటి ఇంట్లో పుట్టి మా ఆవిడ దేనికైనా ‘ఆయ్’ అనేది. రేవు పక్క ఇల్లు. పొద్దున్న లేస్తే పడవవాళ్ళ మాటలు, కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళ మాటలు చెవిలో పడేవి. అన్నం తిన్నావా అంటే ఆయ్. నిద్రొస్తోందా అంటే ఆయ్.

మావయ్యగారికి ఇది కంట్లో నలుసు. “చిత్తం అనవే. అవునండీ అనవే. పోనీ ఊఁ అనవే. ఆయ్ ఏవిటే, గ్రామ్యం!” అని కోప్పడేవారు. కోప్పడితే పోలేదని శిక్ష పెట్టారు. ఆయ్ అన్నప్పుడల్లా ఒక సంస్కృత శబ్దం మొదలునుంచీ చివరిదాకా అప్పజెప్పాలి. దాని ఫలితం ఏమిటంటే పెళ్ళినాటికి ఆవిడకి వచ్చినన్ని శబ్దాలు నాకు రావు. ‘ఆయ్’ మాత్రం ఆవిడతోపాటు పాయ దాటి మా ఇంటికి వచ్చింది.

పెళ్ళయి కాపరానికి వచ్చిన తొమ్మిదో ఏట, ఆషాఢమాసంలో, విషజ్వరం తగిలి పదకొండు రోజుల్లో పోయింది. పిల్లలు లేరు. నేను పది రోజులు మైల పట్టాను. మావయ్యగారికి శాస్త్రప్రకారం మూడు రోజులే. పెళ్ళి చేసి ఇచ్చేసిన పిల్ల కదా, గోత్రం మారిపోయింది. నాలుగోనాడు పొద్దున్నే స్నానం చేసి, అరుగు మీద కూర్చుని, యథాప్రకారం శిష్యులకి వేదం చెప్పడం మొదలుపెట్టారట. స్వరం ఎక్కడా తొణకలేదట. ఏం నిష్ఠ, ఏం నిష్ఠ అని చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకున్నాయి. నాకు మాత్రం కోపం వచ్చింది. కూతురు పోతే తొణకని గొంతు ఎందుకని చెడ్డ కోపం వచ్చింది.

అప్పటినుంచి ఆయన మా ఇంటి గడప తొక్కలేదు. కూతురి పేరు ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే వాళ్ళ మాటలో ఏదో ఒక తప్పు పట్టుకుని వ్యాకరణంలోకి లాక్కుపోయేవారు. మా అమ్మ ఆయనకి సొంత చెల్లెలు. “అన్నయ్య ఏడవలేదురా. లోపల గట్టిపడిపోయేడు. ఒక్కసారి ఏడిస్తే మనిషి దక్కుతాడు” అని నా దగ్గర బాధపడేది.

నాకూ ఏడవడం రాలేదు. కథ రాశాను. అందులో నా ఏడుపు ఉందనేది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ కథ విని మావయ్యగారు ఏడవాలి. నూట ఇరవై తాటాకు కమ్మలూ ఆ ఒక్క మనిషి కోసమే రాశాను.

కథ ఇది. నాలుగు వందల ఏళ్ళ కిందట మా లంకల్ని ఏలిన ఒక చిన్న రాజు. రాణి పుట్టింటికి వెళ్తుంటే పడవ తిరగబడింది. మనిషి దొరకలేదు. రాజు పాయ మొత్తం తోడి రాణిని వెతకమన్నాడు. ఏతాలు వచ్చాయి, గూడలు వచ్చాయి, కడవలు వచ్చాయి, చివరికి పెళ్ళివంటల గంగాళాలు కూడా వచ్చాయి. పన్నెండేళ్ళు తోడించాడు. రాజ్యం ఏమైందో, పంటలు ఏమయ్యాయో అతనికి పట్టలేదు. మూడో కమ్మ మీద, రాణి పడవ ఎక్కబోతుండగా రాజు “పొద్దుగూకేలోపల వచ్చేస్తావు కదూ” అని అడుగుతాడు. రాణి ‘ఆయ్’ అని నవ్వి పడవ ఎక్కుతుంది. ఆ తరవాత నూట పదిహేడు కమ్మల్లో ఆవిడ ఇంక మాట్లాడదు. ఆ మాట నేను ఆలోచించి రాసింది కాదు. చెయ్యి రాసేసింది. చూసుకున్నాక తియ్యబుద్ధి కాలేదు.

రాయడం ఒక ఎత్తు, వినిపించడం ఇంకో ఎత్తు అని అప్పుడు తెలిసింది. మొదట అమ్మకి చదవబోయాను. రాణి నీళ్ళపాలవుతుందని కథ మొదట్లోనే చెప్పేశాను. నాలుగు వాక్యాలు వినేసరికి రెండు చెవులూ మూసుకుంది. “ఎత్తుకోవడమే రాణి పోవడంతో ఎత్తుకుంటావేవిట్రా! అవతల దేవుడి గూట్లో దీపం వెలుగుతోంది!” అంది. పక్కింటికి తీసుకెళ్ళాను. వాళ్ళ పిల్ల నీళ్ళోసుకుందట, ఆ ఇంట్లో చావుకథ చదవకూడదట. ఆ పక్కింట్లో ఒడుగు ముహూర్తం పెట్టుకున్నారు. దానికవతల ఇంట్లో పెళ్ళీ లేదు, పురుడూ లేదు కదా అని ఆశగా వెళితే, ఆ ఇంటాయన కాసేపు వెతుక్కుని, “మా ఆవు ఈనబోతోందయ్యా, ఏవనుకోకు” అన్నాడు.

ఏ శుభమూ జరగని ఇల్లు ఏదా అని ఆలోచించాను. అలాంటి ఇల్లు ఒకటే ఉంటుంది.

సరిగ్గా అప్పుడే మా వీధి చివర తొంభై ఏళ్ళ పెద్దాయన నిండుగా బతికి పోయారు. పలకరించడానికి వెళ్ళి చూద్దును కదా, ఆ ఇంటి నిండా పండితులు. మైల ఇంట్లో వేదం చెప్పకూడదు. మంగళకరమైన కథలు చదవకూడదు. పది రోజులు ఏం చెయ్యాలో తోచక విసనకర్రలతో ఈగలు తోలుకుంటున్నారు. నేను ఇంటికి వెళ్ళి కట్ట తెచ్చి విప్పాను. ఒక్కరు కూడా లేచి వెళ్ళలేదు. వెళ్ళడానికి వాళ్ళకి ఇంకో చోటు లేదు లెండి. అయినా ఆ సంతోషం నేను ఇప్పటికీ మరిచిపోలేను.

అలా మొదలైంది. ఆ ఏడాదీ, పై ఏడాదీ అమలాపురం నుంచి కొత్తపేట దాకా ఎక్కడ మనిషి పోయినా నాకు కబురు వచ్చేది. పది రోజులూ మధ్యాహ్నం పూట చదివేవాణ్ణి. మైల ఇంట్లో కూర్చుని విన్నారు కాబట్టి బయటి ఊళ్ళవాళ్ళు దారిలో పాయలో మునిగి మరీ ఇళ్ళకి పోవాలి. కార్తీకంలో చలికి వణుకుతూ మునిగినవాళ్ళు ఉన్నారు. తాటాకులకి మైల అంటుతుందా అంటదా అని ఒక రోజంతా తర్కం జరిగింది. మనుషులకి అంటుతుందని, తాటాకులకి అంటదని, కానీ రాసినవాడికి ఎప్పుడూ ఉంటుందని తేల్చారు. చివరిది నన్ను ఎగతాళి చెయ్యడానికి అన్నారు. నాకు మాత్రం అందులో నిజం ఉందనిపించింది.

ఒక చిక్కు ఉంది. కథ మొత్తం చదవడానికి పదమూడు మధ్యాహ్నాలు పడుతుంది. మైల పది రోజులే. పదకొండోనాడు ఇల్లు కడుక్కుంటారు, నా కథ బయటికి పోతుంది. అప్పటికి రాజు తొమ్మిదో ఏడు తోడుతుంటాడు. ఇంకో ఊళ్ళో ఇంకొకరు పోతే అక్కడివాళ్ళు మొదటినుంచీ చదవమనేవాళ్ళు. అలా మా సీమలో రాణి పదకొండుసార్లు మునిగింది. రాజు ఒక్కసారి కూడా ఒడ్డెక్కలేదు.

ముగింపు కోసం అందరికంటే ఎక్కువ బెంగ పెట్టుకున్నవాడు వైనతేయ రేవులో జనాన్ని దాటించే పడవాయన. మొదటి ఇంట్లో చదివినప్పుడు దొడ్డి గుమ్మం అవతల అరటిచెట్ల పక్కన నిలబడి విన్నాడు. ఆ తరవాత ఏ ఊళ్ళో చదివినా పడవ కొడుక్కి అప్పగించి వచ్చేవాడు. నా విమర్శకుల్లో మొదటివాడూ, మెరుగైనవాడూ అతనే. ఆ మొదటి ఇంట్లోనే, ఐదో రోజున నేను కట్ట కట్టేస్తుంటే దగ్గరికి వచ్చి తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు.

“ఆయ్, ఓ సిన్నమాటండీ అయ్యగారూ. కతలో పోటు సంగతి మర్సిపోయేరండీ.”

“పోటేమిటయ్యా?”

“ఆయ్, సముద్రం పోటండీ. రాజుగారు పొద్దున్న తోడించిన నీళ్ళు మజ్జానం పోటుకి మళ్ళీ వచ్చేత్తాయి కదండీ. పన్నెండేళ్ళలో ఆ ముక్క ఆయనకి ఎవరూ సెప్పలేదాండీ?”

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ పాయ ఒడ్డున ఉన్నాను. పోటు వేళా, పాటు వేళా చూసుకోకుండా గుమ్మం దాటను. కథలో మాత్రం గోదారిని దొడ్లో నూతిలా రాసి పెట్టాను. ఇంటికొచ్చి రెండు కమ్మలు కొత్తగా రాశాను. అందులో ఒక పడవవాడు రాజుకి పోటు సంగతి చెబుతాడు. రాజు అతనికేసి చూసి “తెలుసు” అంటాడు. కథ మొత్తంలో నాకు నచ్చిన మాట అదొక్కటే. అది నాకు అతను ఇచ్చింది.

పేరు వచ్చాక పేరుతో వచ్చే కష్టాలూ వచ్చాయి. ఒక ఊళ్ళో దగ్గుతో మంచం పట్టిన బంధువుని చూడ్డానికి వెళ్ళాను, ఉత్త చేతులతోనే. కోడలు గుమ్మంలోనే ఎదురొచ్చింది. “మావగారికి నెమ్మదించిందండీ. పొద్దున్న గంజి తాగేరండీ. మీరు శ్రమ పడక్కర్లేదండీ” అంది. లోపల్నుంచి దగ్గు ఆపుకుంటూ ఆయన, “ఎవరే, గోదారి తోడే ఆయనా? నేనింకా ఉన్నానని చెప్పు!” అని అరిచాడు. ఆయన ఆ తరవాత పదిహేనేళ్ళు బతికాడు. నన్ను చూసిన భయంతోనే బతికాడని వాళ్ళింట్లో చెప్పుకుంటారు.

ఇంకోసారి సర్కారు కచేరీలో పనిచేసే అమీను ఒకాయన విని పోదామని వచ్చాడు. ధవళేశ్వరంలో దొరగారు గోదారికి అడ్డం కడుతున్నారు, ఇక్కడ ఒకాయన గోదారిని తోడించే రాజు కథ చదువుతున్నాడు, ఇందులో ఏదో ఉందని ఎవరో ఆయన చెవిన వేశారట. రెండు మధ్యాహ్నాలు విన్నాడు. ఒక మధ్యాహ్నం చక్కగా నిద్రపోయాడు. వెళ్తూ వెళ్తూ, “తమరి మీద నాకు అనుమానం లేదండీ. కానీ రాజుకి దొరల టోపీ లేదని ఎక్కడైనా ఒక ముక్క రాయండి. మనకి గొడవ ఉండదు” అన్నాడు. నేను పిరికివాణ్ణి. రాజు కనిపించిన చోటల్లా ‘తలపాగా ధరించిన’ అని చేర్చాను.

ఇంతమంది విన్నారు, ఇన్ని మాటలన్నారు. రాణి పోయిందని ఒక్కరు కళ్ళు తుడుచుకుంటే ఒట్టు. అందరికీ కావలసింది వేరే. అది ఏడో ఇంట్లో బయటపడింది. మా సీమలో పెద్దగా పేరున్న ఘనాపాఠిగారు ఆ ఇంటికి దగ్గరి చుట్టం. మూడో కమ్మ చదువుతుండగా ఆయన చెయ్యెత్తి నన్ను ఆపారు.

“అబ్బాయ్, పద్యం లేకుండా వచనం రాసేవు. వంటలో ఉప్పు మరిచిపోయినట్టుంది, సర్లే అనుకున్నాం. ఈ ‘ఆయ్’ ఏవిటి?”

“రాణీగారు అన్నారండీ.”

“రాణి ఎలా అంటుందయ్యా? పడవవాడు ఆయ్ అనాలి. రాణి చిత్తం అనాలి.”

“ఆవిడా ఈ సీమ మనిషే కదండీ.”

“ఈ సీమ మనిషే. కాదనను. కావ్యంలోకి వచ్చేటప్పుడు కాళ్ళు కడుక్కుని రావాలి!”

అందరూ ఘొల్లుమన్నారు. ఎవరి కాళ్ళ గురించి మాట్లాడుతున్నారో వాళ్ళకి తెలియదు.

నెల తిరక్కుండా కోనసీమ రెండు చీలికలైంది. ఆయ్ పక్షం, చిత్తం పక్షం. కథ వినని వాళ్ళు కూడా ఏదో ఒక పక్షంలో చేరారు. వినని వాళ్ళే ఎక్కువ గట్టిగా మాట్లాడారు. ఒక పెళ్ళిలో వడ్డిస్తున్నాయన “పప్పు వెయ్యమంటారాండీ” అని అడిగితే ఒక పంక్తి పంక్తంతా “చిత్తం!” అని అరిచింది. ఎదుటి పంక్తి “ఆయ్!” అని అరిచింది. ఆయన తెల్లబోయి పప్పుగిన్నె పట్టుకుని వంటశాలలోకి వెనక్కి వెళ్ళిపోయాడు. చివరికి ఘనాపాఠిగారే ఒక మార్గం చెప్పారు. ఈ సీమలో శబ్దం మీద ఆఖరి మాట చెప్పవలసినవారు రాజోలు వైపు మా మావయ్యగారే కాబట్టి, పుస్తకం ఆయనకి పంపాలి. ఆయన ఏమంటే అదే ఖాయం.

నేను రెండేళ్ళనుంచీ ఎదురు చూస్తున్నది అదే. అయినా ఆ మాట వినగానే నాకు భయం పట్టుకుంది. మావయ్యగారు మొదటి కమ్మ చదువుతారు, రెండోది చదువుతారు. మూడోదాని మీద కూతురి నోటి మాట కనిపిస్తుంది. చిన్నప్పుడంతా తిట్టి, శిక్షలు వేసి మాన్పించాలనుకున్న మాట. నేను ఎగతాళికి రాశాననుకుంటే? లేక తప్పు దొరికింది కదా అని అక్కడే కట్ట కట్టేసి వ్యాకరణంలోకి వెళ్ళిపోతే? మిగతా కథ ఆయన చదవరు. చదవకపోతే నేను రాసిందంతా వృథా.

మూడో కమ్మ ఒక్కటీ కొత్త తాటాకు మీద తిరగరాశాను. ‘చిత్తం’ అని రాశాను. రాస్తుంటే నా మీద నాకే రోత పుట్టింది. ఆవిడ వంటింట్లోంచి పలికితే నోరు మూసినట్టు అనిపించింది. అయినా రాశాను. పాత కమ్మని దూలం మీద దాచి, కట్టని పడవాయన చేతికిచ్చి పంపాను.

కార్తీకంలో పంపితే ఫాల్గుణం దాకా జవాబు లేదు. నేను రోజూ ఏదో పని కల్పించుకుని రేవుకి వెళ్ళేవాణ్ణి.

“చదువుతున్నారా?” అని పడవాయన్ని అడిగేవాణ్ణి.

“ఆయ్, సదవడం కాదండీ. గంటం పట్టుకుని గోకుతున్నారండీ. మొన్న గోకేరు, నిన్న గోకేరు, ఇయ్యాల కూడా గోకుతున్నారండీ.”

“మొహం ఎలా ఉంది?”

“మావూలేనండీ. కోపంగానే ఉన్నారండీ.”

గోకుతున్నారంటే తప్పులు దిద్దుతున్నారన్నమాట. నా ఆశ సగం చచ్చింది. ఏడిపించాలని ఇస్తే పాఠం దిద్దుతున్నాడే ఈ మహానుభావుడు అని తిట్టుకున్నాను. అమ్మ వినేలా కూడా తిట్టాను.

హోళీ వెళ్ళిన మర్నాడు కట్ట వచ్చింది. ఉత్తరం లేదు. మూడో కమ్మ చూసే ధైర్యం లేక నాలుగోదాన్నుంచి మొదలుపెట్టాను. గీతలు, గుర్తులు, పక్కన చిన్న చిన్న అక్షరాలు. ఈ సంధి ఇలా కలవదు. ఈ సమాసం సాధువు కాదు. ‘పన్నెండేళ్ళన్నావు, అధికమాసాలు చేర్చావా?’ అని ఒకచోట ఉంది. ‘రాజు తలపాగా ఇరవై మూడుసార్లు కనబడింది. అతనికి తల ఉందని పాఠకుడు ఒప్పుకున్నాడు’ అని ఇంకోచోట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోటు సంగతి చెప్పినప్పుడు రాజు ‘తెలుసు’ అనే కమ్మ మీద మాత్రం ఒక్క గీత కూడా లేదు. ఆ ఆకు మూల బాగా నలిగి ఉంది. చాలాసార్లు పట్టుకున్న ఆకు అలా నలుగుతుంది.

నూట ఇరవై రెండు కమ్మలూ అయ్యాయి. ఇంక తప్పదని మూడోది తీశాను.

‘చిత్తం’ మీద అడ్డంగా ఒక గీత ఉంది. గీత కింద హంసపాదు పెట్టి, ‘ఆయ్’ అని రాసి ఉంది. మావయ్యగారి దస్తూరీ, ముత్యాల్లాంటి అక్షరాలు. పక్కన ఖాళీలో ఇలా ఉంది: ‘చిత్తం కాదు. మా అమ్మాయి అలా అనదు. ఆయ్ ఆయ్ అని రెండుసార్లు అంటుంది.’

రాణి అని రాయలేదు. మా అమ్మాయి అని రాశారు. అనేది అని కూడా రాయలేదు, అంటుంది అని రాశారు. పోయిన మనిషి గురించి జరుగుతున్న కాలంలో రాయడం మావయ్యగారు చేసిన ఒకే ఒక్క వ్యాకరణదోషం. దాన్ని దిద్దే అర్హత నాకు లేదు.

రెండుసార్లనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నాతో ఆవిడ ఎప్పుడూ ఒక్కసారే అనేది. తొమ్మిదేళ్ళ కాపరంలో రెండోది నేను వినలేదు. మొదటి ఆయ్‌కి తండ్రి కోప్పడితే, సరే ఇంక అననని చెప్పడానికి కూడా ఇంకో ఆయ్ అనేదేమో. రెండోది ఆయనది. ఆ వయసులో, ఆ బాధలో, నాకు మావయ్యగారి మీద కాస్త అసూయ కూడా కలిగింది. తరవాత ఏడుపొచ్చింది. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు కట్ట చంకన పెట్టుకుని రేవుకి వెళ్ళాను. పడవాయన నన్ను దాటించి, పడవ కట్టేసి, నా వెనకాలే వచ్చాడు. మావయ్యగారు అరుగు మీద పాఠం చెబుతున్నారు. రెండేళ్ళ పైమాటే ఆయన్ని చూసి. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి పాఠం ఆపారు.

“కట్ట తెచ్చేవా?”

“తెచ్చేనండీ.”

“కూర్చో. విప్పు. చదువు.”

నాకు కంగారు పుట్టింది. “మావయ్యగారూ, ఇక్కడ వేదం చెప్పుకుంటున్నారు కదండీ. దీన్ని ఇంతవరకూ మైల ఉన్న ఇళ్ళల్లో తప్ప ఎక్కడా చదవలేదండీ” అన్నాను.

ఆయన ముందున్న పీట పక్కకి జరిపారు. పాఠం ఇవాళ్టికి చాలని శిష్యులకి చెప్పి, నా వంక తిరిగారు.

“శాస్త్రం నాకు మూడు రోజులే ఇచ్చిందిరా. అవి చాల్లేదు. చదువు” అన్నారు.

చదివాను. పడవాయన కింది మెట్టు మీద కూర్చుని, ఇవాళైనా ముగింపు దక్కుతుందన్న ఆశతో మోకాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు. మొదటి కమ్మ అయింది, రెండోది అయింది. మూడోదాని మీద “పొద్దుగూకేలోపల వచ్చేస్తావు కదూ” అన్నదాకా చదివాను. ఆ తరవాతి మాట చదవలేకపోయాను.

మావయ్యగారే అన్నారు. “ఆయ్” అన్నారు. కూతురు అనేటట్టే, చివర కొంచెం పైకి ఎత్తి అన్నారు. రెండోది అనబోతే గొంతు తొణికింది. ఉత్తరీయం మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చారు. ఏడ్చి, మొహం తుడుచుకుని, “ఆయ్” అన్నారు.

ఆ పూట కథ అక్కడితో ఆపేశాం. పడవాయనకి ముగింపు మళ్ళీ దక్కలేదు.